గురుమాయికి హోదా ఎందుకు లేదు?

ఓరుగల్లు కాకతీయుల వారసులమని చెప్పుకొన్న రాజులు ఏలిన సీమ బస్తర్. అక్కడి హల్బీ పల్లెల్లో ధనకుల్ అనే వాద్యం ఉంది. గడ్డిచుట్ట మీద కుండ, కుండ మూతిపై చేట, చేటపై విల్లు. విల్లుకు పెట్టిన గాట్లను వెదురుపుల్లతో రాస్తూ గురుమాయిలు ‘జగార్’ గానం చేస్తారు. ధాన్యలక్ష్మి గాథ అయిన లఛ్మీ జగార్ రోజుల తరబడి సాగుతుంది. వేలాది పంక్తులను ధారణలో నిలుపుకొని శిష్యురాలికి అప్పగించే ఈ స్త్రీలను ‘జానపద కళాకారిణులు’ అన్న ఒక్క మాటతో మనం పక్కకు నెట్టివేస్తున్నాం. అది వర్ణన కాదు, తీర్పు.

శాస్త్రీయం, జానపదం అన్న భేదం వాద్యంలోనే ఉన్నదనేవారు చరిత్రను విస్మరిస్తున్నారు. ఐరోపాలో చెల్లో చిరకాలం ప్రధానంగా మంద్రస్థాయిలో తోడు పలికిన వాద్యమే. దానికై బాక్ రచించిన ఆరు సూట్లను అభ్యాసపాఠాలుగానే చూసేవారు. 1890లో బార్సిలోనా దుకాణంలో ఆ ప్రతిని కనుగొన్న బాలుడు పాబ్లో కసాల్స్, ఏళ్ళ సాధన అనంతరం వాటిని కచేరీ వేదికకు ఎక్కించాడు. మన వయొలిన్ సంగతీ అంతే. పరదేశం నుండి వచ్చిన ఆ వాద్యానికి విజయనగరం సంగీత కళాశాల 1919లోనే ఆచార్య పదవి కల్పించి, ద్వారం వెంకటస్వామినాయుడు గారిని నియమించింది. వాద్యానికి గౌరవం తెచ్చినవి కళాకారుని సాధన, సంస్థ ఆదరణ. గురుమాయికి మొదటిది ఉంది, రెండవది లేదు.

కర్మకాండతో ముడిపడిన గానాన్ని వేదిక ఎక్కిస్తే అది నశిస్తుందని కొందరి ఆక్షేపణ. నిజమే. ఉత్సవాలలో పది నిమిషాల ప్రదర్శన జగార్‌కు సేవ కాదు, అపచారం. అందుకే మేము కోరేది వేదిక కాదు, హోదా. కొండగాఁవ్ రచయిత హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రజ్ఞుడు క్రిస్ గ్రెగరీ 2003లో లఛ్మీ జగార్‌ను గ్రంథంగా వెలువరించినపుడు, దానిని గానం చేసిన గురుమాయి సుక్‌దాయి పేరును గ్రంథనామంలోనే నిలిపారు. ‘బస్తర్ బృందం’ అని ముద్రించి ఊరుకొనే మన కార్యక్రమ పత్రాలకు ఆ మర్యాద ఎందుకు చేతకాదు?

1956లోనే ఖైరాగఢ్‌లో సంగీత విశ్వవిద్యాలయం వెలసిన ఛత్తీస్‌గఢ్‌లో, ఆమె ఊరిలోనే ఆమెకు బోధకురాలి పదవి, శిష్యురాలికి భృతి, శాస్త్రీయ విద్వాంసునితో సమానమైన పారితోషికం అడగడం అత్యాశ కాదు. విల్లు చేతపట్టే శిష్యురాలు లేని నాడు ధ్వనిముద్రికలు ఎన్ని ఉన్నా, అవి మన నిర్లక్ష్యానికి సాక్ష్యాలుగానే మిగులుతాయి.