సముద్రం సీసాలోనే ఉందా?



పోయిన నెల పగారు రోజు మా ఆయన ఒక సీసా పట్టుకొని వచ్చిండు. "చేపనూనె గోలీలు. మోకాళ్ళకు మంచివని కార్ఖానాల చెప్పిండ్రు" అన్నడు. పన్నెండు గంటల పాళీ నిలబడి లూములు నడిపే మనిషి. రాత్రి మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటడు. అందుకే కోపం చేయలేకపోయిన. కానీ ధర తొమ్మిది వందలు. ఆ నెల బిడ్డ ట్యూషన్ ఫీజు ఆగింది.

సీసా తీసుకపోయి దవాఖానల డాక్టరమ్మకు చూపించిన. తెలిసింది మీకూ చెప్తున్న.

చేపనూనెలో ఉండేది ఒమేగా-3 అనే కొవ్వు. ఇది గుండెకు మంచిది. చేప దీన్ని చాలావరకు తిండి నుంచే తెచ్చుకుంటుంది. సముద్రంలో కంటికి కనబడని సన్నని నాచు దీన్ని తయారు చేస్తుంది. ఆ నాచును చిన్న పురుగులు, వాటిని చేపలు తింటాయి. మన బజార్ల దొరికే బంగడా, తార్లీ చేపల్లో ఇది బాగా ఉంటుంది. వారానికి రెండుసార్లు తింటే చాలు. నూనెలో వేపుడు కంటే పులుసు మేలు.

మరి మోకాళ్ళో? అరిగిన మోకాలి నొప్పిని చేపనూనె గోలీలు తగ్గించలేదని అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో 2020లో తేలింది. తొడల కండకు బలమిచ్చే కసరత్తు, బరువు తగ్గడం, మధ్యమధ్యల కూర్చోవడం, వీటితోనే మేలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ఈ గోలీలు మింగొద్దు.

మనం తెలంగాణ చెరువు చేపల రుచికి అలవాటు పడ్డోళ్ళం. సముద్రపు చేప అంటే మా అత్తమ్మ ఇప్పటికీ "నీసు" అని ముక్కు మూసుకుంటది. ఉప్పు, పసుపు పట్టించి కడిగి, చింతపండు పులుసుల మెంతిపొడి వేస్తే ఆమె కూడా రెండు ముక్కలు తిన్నది.

జూన్, జులై నెలల్లో మహారాష్ట్ర తీరంలో మరపడవల వేట బంద్. అప్పుడు ఎండు బొంబిల్, జవ్లా వండుతం. వాటిల్ల ఉప్పు ఎక్కువ. బీపీ ఉన్నోళ్ళు వేడినీళ్ళల్ల నానబెట్టి, రెండుసార్లు కడిగి, తక్కువ తినాలె. రొయ్యలు పడక దద్దుర్లు వచ్చేవాళ్ళు జవ్లా ముట్టొద్దు.

చేప తిననోళ్ళకు అవిసె గింజల పొడి ఉంది. ఇక్కడ జవస్ చట్నీ అంటరు. దాంట్లోదీ ఒమేగా-3నే, కానీ చేపలో ఉన్న రకంగా మన ఒళ్ళు కొంచెమే మార్చుకోగలదు. ఫలహారాల్లో వేసే చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచుదే. అది పీచు, మందు కాదు.

సీసా అయిపోయింది, మళ్ళా కొనలేదు. ట్యూషన్ ఫీజు కట్టిన. మోకాలు పూర్తిగ తగ్గలేదు, అబద్ధమెందుకు. కానీ పొద్దున పది నిమిషాలు కసరత్తు చేస్తున్నడు. బంగడా పులుసు పెట్టిన రోజు డబ్బా ఖాళీగ వస్తుంది.