పనిముట్టు పిడి మీద నాలుగు మాటలు

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

స్ప్రేయర్ కొనేటప్పుడు బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ట్యాంకు ఎన్ని లీటర్లు, సబ్సిడీ ఉందా అని అడుగుతాం. మందు కొట్టే గన్ను పిడి చేత్తో పట్టుకుని చూసేది ఎంతమంది? వరిచేలో ఎకరానికి 200 లీటర్ల లెక్కన కొడితే 16 లీటర్ల ట్యాంకు పన్నెండు పదమూడు సార్లు నింపాలి. అంతసేపూ చేతిలో ఉండేది ఆ ప్లాస్టిక్ పిడే. లావుగా ఉంటే మీట నొక్కే వేళ్ళు లాగేస్తాయి, సన్నంగా ఉంటే తడిచేతిలో తిరిగిపోద్ది. సాయంత్రానికి బొటనవేలి మొదట్లో సలుపు. ‘పని నొప్పిలే’ అని సరిపెట్టుకుంటాం. నా మటుకు నాకు అది చాలాసార్లు పిడి నొప్పే అనిపిస్తుంది.

వెనకటికి కొడవలికైనా, పారకైనా పిడి వేయించాలంటే వడ్రంగి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఎవరు పట్టుకుంటారో అడిగి, బాడిసతో దానికి తగ్గట్టు చెక్కేవాడు. ఇప్పుడు అచ్చులో పోసిన పిడి అందరికీ ఒకటే సైజు. కాయ దింపు తీసే మనిషి చెయ్యీ, కోత కోసే ఆడమనిషి చెయ్యీ ఒకటేనా అండి?

పిస్టల్ పోటీల వాళ్ళని చూడండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది కదా, ఆ ఆటలో పిడి సంగతి చాలా పెద్దది. ఆ ఆటగాళ్ళు పిడిని ఒకచోట రుద్ది, ఇంకోచోట ముద్ద పెట్టి, తమ అరచేతికి అతికినట్టు చేసుకుంటారు. 10 మీటర్ల పోటీ తొలి దశలో కాల్చేది 60 గుళ్ళు. మనం పూటలో మీట ఎన్నిసార్లు నొక్కుతామో లెక్కుందా? వాళ్ళకి ఉన్న శ్రద్ధ మనకెందుకు ఉండకూడదు?

భోపాల్‌లో కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ వాళ్ళు మన దేశంలో వ్యవసాయ పని చేసే ఆడా మగా కొలతలు తీసి 2009లో పుస్తకమే వేశారు. పనిముట్లు ఆ కొలతలకి చెయ్యమనే దాని ఉద్దేశం. కొలతలు ఉన్నాయి, బజారులో పిడి మాత్రం మారలేదు. అందుకే మనమే సరిచేసుకోవాలి.

ముందు కొలత. మందు కొట్టేటప్పుడు వేసుకునే గ్లవుజుతోనే పిడి పట్టుకోండి. బొటనవేలి కొస నడిమివేలి కొసకి తగలాలి. పిడి పొడవు అరచేతి వెడల్పు కంటే కాస్త ఎక్కువ ఉండాలి.

సన్నంగా ఉంటే పాత సైకిల్ ట్యూబు కోసి, సాగదీసి బిగించి చుట్టండి. గుడ్డ మాత్రం వద్దు. అది మందు పీల్చుకుని మర్నాడు మీ చేతికే అంటిస్తుంది. అరచేతి గుంటలోకి ఎత్తు కావాలంటే, ఆ చోటు ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఎం-సీల్ లాంటి ముద్ద పెట్టి, పైన పలచటి కవరు కప్పి, మామూలుగా పట్టుకున్నట్టే ఒకసారి గట్టిగా పట్టుకుని వదలండి. గట్టిపడ్డాక నున్నగా రుద్దుకోండి.

లావుగా ఉంటే చాలావరకు గుచ్చుకునేది అచ్చు అతుకు గీతే. ఆకురాయితో అది పోగొడితే చాలు. లోతుగా గీకొద్దు, లోపల డొల్లగా ఉంటే విరిగిపోద్ది. మీట, స్ప్రింగు, గొట్టం జోలికి అసలు వెళ్ళొద్దు. పని మొదలెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, పిడి సబ్బుతో కడగండి, ముక్కుకి మాస్కు కట్టుకోండి. కాల్చిన ఇనుముతో కరిగించొద్దు, మందు అంటిన ప్లాస్టిక్ పొగ మంచిది కాదు. గడ్డి కోసే మిషను పిడికి ఉన్న రబ్బరు పీకొద్దు, చేతులు తిమ్మిరెక్కకుండా అదురు తగ్గించేది అదే.

‘కొత్తది గీకితే వారంటీ పోద్దిగా’ అంటారు. నిజమే. వారంటీ ఉన్నంతకాలం ట్యూబు చుట్టండి, అది ఎప్పుడైనా ఊడదీసుకోవచ్చు. ‘కూలివాళ్ళు వాడేదానికి ఇంత అవసరమా’ అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ చెయ్యి నొప్పెడితే మన చేలో పనీ ఆగుద్ది, వాళ్ళ ఇంట్లో కూలీ ఆగుద్ది. ఆ మాట మనకి తగదు.

ఇకమీదట కొనేటప్పుడు పిడి పట్టుకుని చూడండి. వాడేది ఆడవాళ్ళయితే వాళ్ళనే షాపుకి తీసుకెళ్ళండి. సబ్సిడీ పనిముట్లు ఇచ్చేచోట రెండు సైజుల పిడి కావాలని పదిమందీ కలిసి అడుగుదాం. ఒక్కడు అడిగితే నవ్వుతారు, ఊరంతా అడిగితే రాసుకుంటారు.