గ్రీన్‌ల్యాండ్ బేరంలో ఆదివాసి ఎక్కడ?

గ్రీన్‌ల్యాండ్‌ను కొంటానని ట్రంప్ 2019లో అన్నాడు, 2025లో మళ్ళీ గద్దెనెక్కాక ఇంకా గట్టిగా అందుకున్నాడు. రష్యా ఎంత దూరం, చైనా ఓడలు ఎటు వస్తాయి, మంచు కింద ఏ ఖనిజముంది అని మేధావులు లెక్కలు కడుతున్నారు. అక్కడ ఉండేది ఇనూయిట్లు. ఆదివాసులు. వాళ్ళ సంగతి ఎవరికి పట్టింది? కాబట్టి మనమే మాట్లాడాలి.

డెన్మార్క్, అమెరికా రెండూ నాటో కూటమివే. 1951లో రక్షణ ఒప్పందం రాసుకుని, ఉత్తరాన థూలే దగ్గర వైమానిక స్థావరం కట్టారు. మన దగ్గర బాంబులున్నాయని తెలిస్తే సోవియట్లు మీదికి రారట. దీనికి వాళ్ళు పెట్టిన పేరు 'నిరోధం'. 1953 మే నెలలో ఆ పక్కనున్న ఊమ్మన్నాక్ ఊరిని లేపేశారు. గడువు కొద్ది రోజులే. నూరుమందికి పైగా జనం కుక్కలు లాగే బళ్ళ మీద సామాన్లేసుకుని, నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి పోయారు. అక్కడ ఇళ్ళింకా కట్టలేదు, గుడారాల్లో ఉన్నారు. తాతల నాటి వేట చోట్లు పోయాయి. గోదావరి ముంపులో ఊళ్ళు వదిలినవాళ్ళకు ఇందులో కొత్తేముంది!

మా నేల మీద అణ్వాయుధాలుండవని డెన్మార్క్ తన జనానికి చెప్పింది. 1968 జనవరిలో నాలుగు హైడ్రోజన్ బాంబులున్న అమెరికా విమానం ఆ స్థావరం పక్కనే సముద్రపు మంచు మీద కూలింది. ప్లుటోనియం చెల్లాచెదురైంది. అణ్వాయుధాలకు 1957లోనే డెన్మార్క్ ప్రధాని గుట్టుగా తలూపాడని 1995లో బయటపడింది. మోసపోయింది సోవియట్లా, సీల్ వేటగాళ్ళా?

2003లో డెన్మార్క్ సుప్రీంకోర్టు కొంత పరిహారం ఖాయం చేసింది. ఊరు మాత్రం తిరిగివ్వలేదు. మీరు వేరే జాతి కారని కూడా చెప్పింది.

దేశానికి రక్షణ అక్కర్లేదా అని మనల్ని అడుగుతారు. అక్కరే. సైన్యంలో మన పిల్లలూ ఉన్నారు. కానీ స్థావరం ఎక్కడుంటే శత్రువు గురి అక్కడే. నగరాలకు ధైర్యం, మనకు గురి! ఇదేం పంపకం? వికారాబాద్ దామగుండం అడవిలో జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. ఆ అడవిని నమ్ముకున్న పల్లెలు అడిగితే దేశద్రోహమా?

ప్రచ్ఛన్న యుద్ధం పాఠం చెప్పే మాస్టార్లూ, టీచరమ్మలూ! అమెరికా, సోవియట్ పేర్లతో పాటు ఊమ్మన్నాక్ పేరూ బోర్డు మీద రాయండి. ఆ ఊరివాళ్ళను ఎవరు, ఏమని అడిగారో పిల్లల్నే వెతకమనండి.