నారాయణఖేడ్‌కు పీచ్: ముందుగా చలిని లెక్కించాలి

2020లో కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఆపిల్ కాసిన తరువాత, శీతల ప్రాంతపు పండ్లు తెలంగాణలో అసాధ్యమన్న మాట చెల్లదు. అయినా నారాయణఖేడ్ రైతు పీచ్ నాటవచ్చునా అని అడిగితే, ఇప్పుడే వద్దని చెప్పవలెనని నా అభిప్రాయం.

పీచ్ మొగ్గ నిద్రావస్థ వీడాలంటే సుమారు 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలిలో కొన్ని గంటలు గడవాలి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం రూపొందించిన ఫ్లోర్డాప్రిన్స్ రకానికి దాదాపు 150 గంటలు చాలు. పంజాబ్ మైదానాలలో ఈ కోవ రకాలు నిలదొక్కుకున్నది అందువల్లనే. అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. కాని మన ప్రాంతంలో ఒక రాత్రి 6 డిగ్రీలు నమోదైనా, ఆ చలి తెల్లవారుజామున కొద్ది గంటలే. కనిష్ఠ ఉష్ణోగ్రతను చూసి రకాన్ని సిఫారసు చేయడం తగదు. చలి చాలకపోతే పూత విడతలుగా వస్తుంది, చిగురు ఆలస్యమవుతుంది, పిందె నిలవదు. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. చూడవచ్చినవారిని మోసగించేది అదే.

నీరు నిలిచే నల్లరేగడి పీచ్ వేళ్లకు సరిపడదు. కాపు ఏడాది వయసు రెమ్మలపైనే కనుక ఏటా కత్తిరింపులు తప్పవు. పండు నిల్వ ఉండేది కొద్ది రోజులే.

మామిడికి పేరుపొందిన సంగారెడ్డి ఫల పరిశోధన స్థానం ఈ జిల్లాలోనే ఉన్నది. అక్కడా, నారాయణఖేడ్‌లోనూ గంటవారీ ఉష్ణోగ్రతలు నమోదు చేస్తూ, రెండు మూడు రకాలను కనీసం నాలుగు కాపుల వరకు పరిశీలించాలి. అంతవరకు ఎర్రచెలకల రైతుకు బాలానగర్ సీతాఫలమే చూపుదాం.