చివరి గడప దాకా

ఒక శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో ఏళ్ల తరబడి శ్రమించి ఒక సత్యాన్ని కనుగొంటాడు. దాన్ని శాస్త్ర పత్రికలో ప్రకటిస్తాడు. తోటి శాస్త్రజ్ఞులు పరీక్షించి ఔనంటారు. అంతటితో పరిశోధన పూర్తయిందని మనం అనుకుంటాం. నా ఉద్దేశంలో అప్పటికి పూర్తయింది సగమే. ఆ సత్యం ఎవరికి అవసరమో వారి గడప దాకా చేరినప్పుడే మిగిలిన సగం పూర్తవుతుంది. ఈ మాట ఎందుకు అంటున్నానో మనకు తెలిసిన పండ్ల సంగతులతోనే వివరిస్తాను.

వేసవి వచ్చిందంటే కర్ణాటకలో కోలారు జిల్లా శ్రీనివాసపురం, తమిళనాడులో కృష్ణగిరి మామిడి బండ్లతో నిండిపోతాయి. ఈ రెండు ప్రాంతాల తోటల్లోనూ మండీల్లోనూ తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. అక్కడి రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. మామిడి టెంకె నాటితే మొలిచే చెట్టుకు తల్లిచెట్టు గుణాలే వస్తాయన్న భరోసా లేదు. అందుకే మన పెద్దలు అంటు కట్టే విద్యను అలవరచుకున్నారు. అంటు వల్ల ఉన్న గుణం నిలుస్తుంది గాని, కొత్త గుణం రాదు. కొత్త గుణం కావాలంటే ఒక రకం పూత మీద మరొక రకం పుప్పొడి చేర్చి, కాసిన కాయల టెంకెలు నాటి, ఆ మొక్కలు కాపుకు వచ్చేదాకా ఓపికగా వేచి ఉండాలి.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారు ఉత్తరాదికి చెందిన దశేరీని, దక్షిణాదికి చెందిన నీలంతో సంకరపరచి ఆమ్రపాలి అనే రకాన్ని రూపొందించారు. దశేరీ ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు ముఖం చాటేస్తుంది. నీలం ఏటా కాస్తుంది. ఆ గుణం ఆమ్రపాలికి వచ్చింది. చెట్టు పొట్టిది కనుక ఎకరంలో ఎక్కువ మొక్కలు పడతాయి. నేడు ఒడిశాలో కూడా ఆమ్రపాలి తోటలు ఉన్నాయి. ఇక బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ మరొక చిక్కు ముడి విప్పింది. ఆల్ఫాన్సో పండు పైకి నిగనిగలాడుతున్నా, కోసి చూస్తే ఒక్కొక్కసారి లోపల కండ పాలిపోయి, బెండులా మారి, పుల్లగా ఉంటుంది. పండు ఇంకా చెట్టు మీద ఉండగానే లోపలి గింజ మొలకెత్తే ప్రయత్నం మొదలుపెట్టడమే దీనికి మూలమని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆల్ఫాన్సోను మన బంగినపల్లితో కలిపి అక్కడ రూపొందించిన అర్క పునీత్, అర్క అరుణ రకాలలో ఈ లోపం లేదు. 2020 నాటికి శాస్త్రజ్ఞులు మామిడి జన్యువుల వరుసను కూడా చదివి ప్రకటించారు. కనుక ముందు ముందు ఈ పని మరింత వేగంగా సాగవచ్చు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆమ్రపాలి నాటిన రైతు జన్యుశాస్త్రం చదవలేదు. చదవవలసిన అవసరమూ లేదు. పరిశోధన ఫలమంతా ఆ మొక్కలోనే ఇమిడి ఉంది. నర్సరీ నుంచి మొక్క తెచ్చుకుంటే దానితో పాటు విజ్ఞానం కూడా ఇంటికి వచ్చినట్లే. అయితే అన్ని విజ్ఞానాలూ ఇలా మొక్కలలో ఒదిగి రావు.

చెట్టు దించిన కాయను మాగవేసే సంగతి చూడండి. మన ఇళ్లలో అవ్వలు కాయలను వరిగడ్డిలో పేర్చి, పైన గోనెపట్టా కప్పేవారు. త్వరగా మాగాలంటే మధ్యలో ఒకటి రెండు పండ్లు పెట్టేవారు. ఇది ఎందుకు పనిచేస్తుందో శాస్త్రం చాలా కాలానికి గాని చెప్పలేకపోయింది. 1901లో రష్యా విద్యార్థి నెల్యుబోవ్, దీపాలకు వాడే గ్యాసు తగిలిన బఠాణీ మొలకలు వంకర తిరగడం గమనించి, అందుకు కారణం ఇథిలీన్ అనే వాయువని తేల్చాడు. 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్, మాగుతున్న ఆపిల్ పండ్లు తమంతట తామే ఈ ఇథిలీన్‌ను వెలువరిస్తాయని నిరూపించాడు. పండు విడిచిన ఈ వాయువే పక్క కాయను మాగిస్తుంది. వరిగడ్డి చేసే పనల్లా ఆ వాయువును, వెచ్చదనాన్ని బయటకు పోనీయకుండా పట్టి ఉంచడమే.

వ్యాపారికి అంత ఓపిక ఉండదు. కాల్షియం కార్బైడ్ అనే రాతిముక్కల వంటి పదార్థాన్ని కాగితంలో పొట్లం కట్టి కాయల మధ్య పెడతాడు. కాయల తేమ తగలగానే దాని నుంచి ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. వెల్డింగు దుకాణాల్లో ఇనుము కోయడానికి మండించే వాయువు ఇదే. ఇది ఇథిలీన్‌ను అనుకరించి తొక్కకు పసుపు రంగు తెస్తుంది. లోపల తీపి, వాసన మాత్రం సరిగా రావు. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పరిశ్రమలకు వాడే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. వీటివల్ల తల తిరగడం, విపరీతమైన దాహం, నీరసం, మింగడానికి ఇబ్బంది, వాంతులు, చర్మం మీద పుండ్లు కలగవచ్చునని మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. 2011 నాటి నిబంధనల ప్రకారం కార్బైడ్‌తో మాగవేసిన పండ్లు అమ్మడం నేరం. 2016లో ఆ సంస్థే మరొక దారి చూపింది. పదివేల పాళ్ల గాలికి ఒక పాలు మించకుండా ఇథిలీన్ వాయువును వాడవచ్చునని అనుమతించింది. పండు స్వయంగా తయారు చేసుకొనే వాయువునే కొలత ప్రకారం బయటి నుంచి అందించడం ఇది.

దీనికి యంత్రశాస్త్రం తోడైంది. వేడి లోపలికి రాని గోడలతో గది కట్టి, చల్లదనాన్ని, గాలిలో తేమను ఒక స్థాయిలో నిలిపి, కొలిచిన ఇథిలీన్ వదులుతారు. కాయలు ఊపిరి పీల్చి విడిచే బొగ్గుపులుసు వాయువు ఎక్కువైతే మాగడం మందగిస్తుంది. కాబట్టి దాన్ని ఎప్పటికప్పుడు బయటకు పంపుతారు. చక్కని ఏర్పాటే. కాని గది కట్టడానికి డబ్బు కావాలి, కరెంటు కావాలి. తోపుడుబండి మీద రెండు బుట్టల పండ్లు అమ్ముకొనేవాడికి ఆ స్తోమత లేదు. అతనికి కార్బైడ్ పొట్లం చవక. నిజానికి ఆ పొట్లాన్ని వట్టి చేతులతో ముట్టుకొని, ఆ గాలి పీల్చి అందరికంటె ముందు నష్టపోయేది అతడే. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో యంత్రాలకు కొరత లేదని చెప్పడానికి మరొక ఉదాహరణ ఉంది. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో అణుశక్తి శాఖ వారి కిరణ కేంద్రం ఉంది. మన మామిడి వెంట పురుగులు వచ్చి తమ తోటలకు సోకుతాయని అమెరికా అభ్యంతరం చెప్పింది. ఆ కేంద్రంలో గామా కిరణాలు ప్రసరింపజేసిన మామిడి పండ్లు 2007లో అమెరికాకు వెళ్లాయి. కొనేవాడు గట్టిగా అడిగాడు, అమ్మేవాడు యంత్రం సమకూర్చుకున్నాడు. మరి మన సంతలో మనం ఎందుకు అడగం? అడగడానికి ముందు ఏమి అడగాలో తెలియాలి. “ఈ పండు దేనితో మాగవేశారు?” అన్న ఒక్క ప్రశ్న ప్రతి గిరాకీ నోటా వస్తే, నాలుగు మండీలు కలిసి ఒక గది కట్టుకొని చిల్లర వ్యాపారులకు అద్దెకు ఇచ్చే రోజు తప్పక వస్తుందని నా నమ్మకం.

మొక్కలో ఒదిగి వచ్చే విజ్ఞానాన్ని, యంత్రంతో వచ్చే విజ్ఞానాన్ని చూశాం. మూడో రకం ఒకటి ఉంది. దానికి మొక్కా లేదు, యంత్రమూ లేదు. అది కేవలం మాట రూపంలోనే ప్రయాణం చేస్తుంది. బీహారులోని ముజఫర్‌పూర్ కథ అటువంటిది.

ముజఫర్‌పూర్ లిచీ పండ్లకు ప్రసిద్ధి. లిచీ మన కుంకుడు చెట్టు కుటుంబానికే చెందినది. 1995 నుంచి అక్కడ వేసవిలో చిన్న పిల్లలకు ఒక వింత జబ్బు సోకుతూ వచ్చింది. రాత్రి ఆడుతూ పాడుతూ పడుకున్న పిల్లలకు తెల్లవారుజామున మూర్ఛలు వచ్చి, స్పృహ తప్పేది. వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు, పురుగుమందు అన్నారు. 2014లో మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కలిసి పరిశోధించాయి. ఆ వేసవిలో రెండు ఆసుపత్రులలో చేరిన 390 మందిలో 122 మంది మరణించారు. జబ్బుపడిన పిల్లలను, పడని పిల్లలను పోల్చి చూసి, రక్తం, మూత్రం పరీక్షించి, 2017లో ఫలితాన్ని ప్రకటించారు.

లిచీలో, ముఖ్యంగా పచ్చికాయలో, హైపోగ్లైసిన్ అనే పదార్థం ఉంటుంది. రాత్రి వేళ కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మన శరీరం నిలవ ఉన్న కొవ్వును కరిగించి, రక్తంలో చక్కెర తగ్గకుండా కాపాడుకుంటుంది. ఈ పదార్థం ఆ పనిని అడ్డగిస్తుంది. కడుపు నిండా తిన్న బిడ్డ నాలుగు లిచీలు తిన్నా భయం లేదు. పగలంతా తోటలో రాలిన కాయలు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న బక్కచిక్కిన బిడ్డకే ఆపద. కనుక శాస్త్రజ్ఞులు చెప్పిన మందు చాలా తేలిక. పిల్లలను లిచీలు ఎక్కువగా తిననీయవద్దు. రాత్రి అన్నం పెట్టకుండా పడుకోబెట్టవద్దు. జబ్బు చేస్తే ఆలస్యం లేకుండా గ్లూకోజు ఎక్కించాలి.

ఎంత గొప్ప పరిశోధన! ఎంత చిన్న మాట! అయినా 2019 వేసవిలో అదే ప్రాంతంలో మళ్లీ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. అందరి మరణానికీ లిచీయే కారణమని చెప్పలేం. తీవ్రమైన ఎండ, పోషకాహార లోపం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం వంటి కారణాలను వైద్యులు చర్చించారు. కాని చాలామంది పిల్లల రక్తంలో చక్కెర పడిపోయి ఉంది. 2017లో శాస్త్ర పత్రికలో అచ్చయిన ఆ చిన్న మాట 2019 నాటికి ప్రతి గుడిసెలోని తల్లికీ ఆమె భాషలో చేరి ఉంటే, వారిలో కొందరైనా బతికేవారని నేను అనుకుంటాను.

దీనికి కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. “శాస్త్రం భాష ఇంగ్లీషు. దాన్ని మన భాషలలో చెప్పడం కష్టం. మాటలు దొరకవు” అంటారు. కార్బైడ్, గ్లూకోజు అనే మాటలు సంతలో అందరి నోటా నలుగుతున్నవే. ఇథిలీన్ అనే పేరు తెలియని అవ్వకు గడ్డిలో మాగవేయడం తెలుసు. పేరు ఏ భాషదైనా కావచ్చు; కారణం మాత్రం వినేవారి భాషలో చెప్పాలి. కారణం తెలియకుండా వద్దని మాత్రమే చెబితే, మనిషి ఎవరూ చూడని చోట ఆ పనే చేస్తాడు.

మరొక అభ్యంతరం ఇంకా బలమైనది. “ఇంట్లో బియ్యం లేని తల్లికి రాత్రి అన్నం పెట్టమని చెప్పి ఏం లాభం?” అంటారు. నిజమే. మాట కడుపు నింపదు. అన్నం లేని ఇంటికి అన్నం చేర్చే బాధ్యత ప్రభుత్వానిది, సమాజానిది. కాని ఆ ఒక్క ముద్ద తన బిడ్డ ప్రాణాన్ని కాపాడుతుందని ఆ తల్లికి తెలిసి ఉంటే, ఆమె పొరుగింటినైనా అడుగుతుంది, అంగన్‌వాడీనైనా నిలదీస్తుంది. ఏమి అడగాలో తెలియడమే హక్కులో మొదటి భాగం.

విద్యార్థులారా! మీరు కోలారులోనో, హోసూరులోనో, రాయగడలోనో, షోలాపూరులోనో, యానాంలోనో పెరుగుతున్నారు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష, పుస్తకంలో ఇంకొక భాష మీకు అలవాటు. ఇది బరువని కొందరు మీతో అని ఉంటారు. నేను అలా అనుకోను. ఇంగ్లీషులో అచ్చయిన విషయాన్ని చదివి అవ్వకు తెలుగులో, పండ్ల బండివాడికి కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో చెప్పగలవారు ఎవరైనా ఉన్నారంటే అది మీరే. మీ సైన్సు పాఠంలో ఇలాంటి సంగతి ఒకటి తటస్థపడినప్పుడు పరీక్ష కోసం చదివి ఊరుకోకండి. ఇంటికి వెళ్లి మీ మాటల్లో చెప్పండి. విన్నవారు “ఎందుకని?” అని అడిగితే కారణం చెప్పండి. తెలియకపోతే మరునాడు మాస్టారిని అడిగి తెలుసుకొని చెప్పండి. శాస్త్రజ్ఞుడు చేసిన పనిలో మిగిలిన సగానికి అక్కడే ఆరంభం.