నీళ్లు కలిపితే శుద్ధి అయినట్టేనా?

గద్వాల విద్యార్థులారా! రాజోలిబండ కాలువ గుండా అలంపురం వైపు పొలాలకు వచ్చే తుంగభద్ర, అంతకుముందు ఎన్ని ఊళ్లను, ఎన్ని ఫ్యాక్టరీలను దాటి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

ఎగువన కర్ణాటకలో, హరిహర దగ్గరి కుమారపట్నంలో, 1972లో కలప నుండి రేయాన్ గుజ్జు తీసే కర్మాగారం మొదలైంది. 1980లలో దాని వ్యర్థజలాల వల్ల నది పాడవుతోందనీ, చేపలు చస్తున్నాయనీ ఒడ్డున ఉన్న పల్లెల ప్రజలు ఆందోళనకు దిగారు. సమాజ పరివర్తన సముదాయ అనే సంస్థ వారి పక్షాన నిలిచింది. ఆ మురికి మన దాకా వచ్చిందని నేననడం లేదు. మధ్యలో హోస్పేట జలాశయముంది. అయితే "ఇంత పెద్ద నది ఉంది కదా, కలిసిపోతుందిలే" అనే ధీమాతోనే నా పేచీ అంతా.

కలపలో ఇంచుమించు సగమే గుజ్జవుతుంది. నారపోగులను అంటించి ఉంచే లిగ్నిన్, మరికొన్ని పదార్థాలు ఉడికించే రసాయనాలలో కరిగి నల్లని ద్రావణమవుతాయి. దాన్ని చిక్కగా మరిగించి కొలిమిలో మండిస్తే ఫ్యాక్టరీకి కావలసిన ఆవిరి పుడుతుంది, వాడిన రసాయనాలు చాలా మటుకు తిరిగి చేతికొస్తాయి. అంటే ఇది దండగ ఖర్చు కాదు, ఆదాయం! అయినా గుజ్జును కడిగేచోట, తెల్లబరిచేచోట కొంత జారిపోతూనే ఉంటుంది. ఆ నీటిని తొట్లలో నింపి, గాలి ఊది, సూక్ష్మజీవులకు మేతగా వేస్తారు.

ఈ మేత నదిలోనే పడితే ఏమవుతుంది? 25 డిగ్రీల వేడిలో లీటరు నీటిలో కరగగలిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములే. మేత తినే సూక్ష్మజీవులు దాన్ని కాస్తా వాడేసుకుంటే చేపకు ఊపిరాడదు. పైగా లిగ్నిన్ వాటికి అంత తేలిగ్గా అరగదు. అందుకే శుద్ధిచేసిన నీరు కూడా ఒక్కోసారి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది.

ఆగస్టులో నది ఉరకలేస్తున్నప్పుడు ఏ మురికైనా పలచబడుతుంది. అదేం గొప్ప? ఏప్రిల్లో రాళ్ల మధ్య మడుగులు మాత్రమే మిగిలిన నదిని చూసి, ఏ ఫ్యాక్టరీ ఎంత వదలవచ్చో నిర్ణయించాలంటాను. అట్లాగైతే ఫ్యాక్టరీలు మూతపడి కూలీల పనులు పోతాయంటారు కొందరు. ఆ భయం నిజమైనదే. కాని శుద్ధిచేసిన నీటిని వేసవిలో నిలవ ఉంచే చెరువులు తవ్వుకోవచ్చు, మళ్లీ కడుగుడుకు వాడుకోవచ్చు. అప్పుడు పని ఆపనక్కరలేదు.

ఇందులో మన వాటా కూడా ఉంది సుమా! కాగితం తెల్లబడేకొద్దీ రసాయనాల వాడకం పెరుగుతుంది. లెక్కల చిత్తుపుస్తకానికి మల్లెపూవు తెలుపు ఎందుకు? ఈసారి కొనేటప్పుడు గోధుమరంగు కాగితం ఉందేమో దుకాణంలో అడిగి చూడండి.