స్టిక్కరు అయితే గోకేయొచ్చు

తెనాలి పక్కన మా ఊళ్లో క్రికెట్ ఆడే రోజుల్లో సచిన్ బ్యాట్ మీది ఎమ్మారెఫ్ స్టిక్కరు చూసి, అలాంటిదే కావాలని షాపుల వెంట తిరిగాం. "అది టైర్ల కంపెనీరా, చెక్క ఎవరిదో వేరే" అని ఒక షాపాయన నవ్వాడు. క్రికెట్‌లో ఆ సౌకర్యం ఉంది. నచ్చిన చెక్క చేయించుకో, డబ్బిచ్చినవాడి బొమ్మ అంటించుకో. 2019 ప్రపంచకప్‌లో ధోని స్టిక్కర్లు మార్చి మార్చి ఆడినా ఆటకేమీ కాలేదు.

పాతికేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ మా అమ్మాయి కాలేజీలో సాఫ్ట్‌బాల్ ఆడింది. ఈ ఆటలో బ్యాట్ చెక్క కాదు. కార్బన్ ఫైబర్ పొరలతో చేసిన గొట్టం. కంపెనీ పేరు అందులోనే పుడుతుంది, గోకితే పోదు. కాబట్టి కాలేజీ ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుందంటే పిల్ల చేతిలో మారేది బొమ్మ కాదు, బ్యాటే.

మా అమ్మాయి స్లాపర్. ఎడంచేతి వైపు నిలబడి, బంతి వస్తుండగానే ఫస్ట్ బేస్ వైపు అడుగులేస్తూ బంతిని అలా తట్టి పరుగెత్తే రకం. పిచర్ 43 అడుగుల దూరం నుంచి కింద చేత్తో విసురుతుంది, కానీ మెల్లగా అనుకోకండి. గంటకు 65 మైళ్ల వేగంతో వచ్చే బంతికి అర సెకను కూడా టైముండదు. స్కూల్లో నాలుగేళ్లు 33 అంగుళాలు, 23 ఔన్సుల తేలికపాటి బ్యాట్‌తో ఆడింది. కాలేజీలో చేరాక పెట్టెలోంచి తీసిచ్చింది కూడా 33, 23. కాకపోతే బరువంతా కొసనే. కొడితే దూరం పోవాలనుకునే భారీ హిట్టర్ల కోసం చేసిన మోడల్. గొడ్డలిని పిడి చివర పట్టుకు ఊపినా, తల దగ్గర పట్టుకు ఊపినా తూకం ఒకటే. ఊపేవాడి మణికట్టును అడగండి తేడా ఏమిటో.

"డాడీ, ఇది నాకంటే లేటుగా వస్తోంది" అంది మొదటి నెలలో. పాత బ్యాట్ ప్రాక్టీసుకు మాత్రమే, మ్యాచ్‌లో ఒప్పందం ఉన్న కంపెనీదే వాడాలన్నారు. ఆ సీజన్లో సగం మ్యాచ్‌లు బెంచీ మీదే కూర్చుంది. తప్పంతా బ్యాట్‌దే అని అనను, కూతురి విషయంలో తండ్రి లెక్కలు నమ్మదగినవి కావు. కానీ ఆ బ్యాట్ ఎంచుకున్నది మాత్రం ఆమె కాదు.

కోచ్‌ను అడిగితే, "అన్ని బ్యాట్లూ ఒకే పరీక్ష పాసయినవే కదా" అన్నాడు. నిజమే. పొడవు 34 అంగుళాలు, మందం రెండుంపావు అంగుళాలు దాటకూడదు, ల్యాబు పరీక్షలో బ్యాట్ తగిలిన బంతి వేగం గంటకు 98 మైళ్లు మించకూడదు. ఆ పరీక్ష బ్యాట్ మరీ శక్తిమంతంగా లేదని చెబుతుంది. ఎవరి చేతికి సరిపోతుందో చెప్పదు.

కాలేజీల ఇబ్బందీ చిన్నది కాదు. మంచి బ్యాట్ 400 డాలర్ల పైమాట. సీజన్ ఫిబ్రవరిలో మొదలు, ఆ చలికి గొట్టం పగులుతుంది కూడా. ఇరవై మంది పిల్లలకు ఏడాది పొడవునా బ్యాట్లు ఊరికే వస్తుంటే, టికెట్ల మీద పెద్దగా రాబడి లేని చిన్న కాలేజీ వద్దంటుందా? కంపెనీకీ అది దానం కాదు. జూన్‌లో ఓక్లహామా సిటీలో జరిగే కాలేజీ సాఫ్ట్‌బాల్ ఫైనల్స్ టీవీలో చూసి, పదేళ్ల పిల్లకు అదే రంగు బ్యాట్ కొనే తండ్రులున్నారు. ఒకప్పుడు నేనూ కొన్నాను.

2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు ప్రకటనలకు తమ పేరు తామే అమ్ముకోవచ్చు. ఒక స్టార్ పిచర్‌కు పది లక్షల డాలర్లు వచ్చాయి. బెంచీ మీది స్లాపర్‌కు మాత్రం ఏ బ్యాట్ పట్టుకోవాలన్నది ఇప్పటికీ ఇంకొకరి సంతకమే.

కోచ్‌లకు నాదొకటే మనవి. బూట్లు, బ్యాగులు, హెల్మెట్లు, జెర్సీలు ఏ కంపెనీకైనా రాసివ్వండి. బ్యాట్ దగ్గరకొచ్చేసరికి కాగితం పక్కన పెట్టి, జట్టులో అందరికంటే చిన్నగా ఉన్న పిల్లను పిలిచి, రెండు మూడు కంపెనీలవి చేతికిచ్చి ఊపమనండి.